మలేషియా ప్రీస్కూల్లో నాలుగేళ్ల పిల్లకి నేను చెప్పిన సారీ

ఆమదాలవలసలో మా ప్రీస్కూలుకి అది పదకొండో ఏడు. 2017 వేసవి సెలవుల ముందు వరసగా నలుగురు తల్లులు వచ్చి ఒకటే మాట అన్నారు. పక్క వీధి బడిలో మూడేళ్లకే ఏబీసీడీలు రాయిస్తున్నారు, మీరింకా ఇసకలోనే ఆడిస్తున్నారు అని. నాతో కలిసి బడి నడిపే పద్మ కూడా "అక్కా, జూన్ నుంచి మనమూ కాపీ పుస్తకాలు పెట్టేద్దాం. లేకపోతే బడి ఖాళీ అయిపోతాది" అంది. ఔననడానికి నాకు మనసొప్పలేదు. కాదనడానికి చేతిలో రుజువు లేదు. సరిగ్గా అప్పుడే కౌలాలంపూర్లో ఉంటున్న మా పిన్ని కూతురు ఫోన్ చేసి, ఇక్కడికొచ్చి ఒక బడి చూసి వెళ్లరాదూ అంది. తను రోజూ ఆఫీసుకి వెళ్లే వ్యాన్ నడిపేది సూరి అనే తెలుగతను. వాళ్లమ్మ పెరాక్ రాష్ట్రంలో ఒక ప్రీస్కూల్లో వంట చేస్తుంది. ఆవిడ అడిగి పెడితే ఒక రోజంతా కూర్చుని చూడటానికి ఆ బడివాళ్లు ఒప్పుకున్నారు.

ఆమదాలవలసలో పొద్దున్న రైలెక్కితే రెండు గంటల్లో విశాఖపట్నం. అక్కణ్ణించి కౌలాలంపూర్‌కి నేరుగా విమానం ఉంది. రెండు నెలల ముందే కొన్నాను కాబట్టి రానూపోనూ పన్నెండు వేలలో అయింది. వీసా ఆన్‌లైన్లోనే వచ్చింది. దిగిన మర్నాడు తెల్లవారకముందే ఐదున్నరకి సూరి కారు తెచ్చాడు. పెరాక్‌లో ఆ ఊరికి రెండున్నర గంటల దారి, రోజంతటికీ మూడు వందల రింగిట్లు, మన డబ్బుల్లో నాలుగున్నర వేల దాకా, మాట్లాడుకున్నాం. బస్సు చాలా చౌక గాని, బడి తెరిచే వేళకి చేరదు.

గంట దాటాక దారికి రెండు పక్కలా పామాయిల్ తోటలే. సూరి అద్దంలోంచి చూసి, "శ్రీకాకులం నుంచి వచ్చినారంట. అక్కడ ఇప్పుడు ఏటి పండిస్తారమ్మా?" అన్నాడు. అచ్చం మా ఊరి యాస విని నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను. "వరి. మెట్ట మీద జీడిమామిడి. మీదెక్కడ బాబూ?" అన్నాను. "మా ముత్తాత అటునుంచే ఓడెక్కినాడంట. ఏ ఊరో ఎవులికీ తెల్దు. మాట మాత్రం పోనేదు" అన్నాడు నవ్వుతూ.

అక్కడ ప్రీస్కూలుని తడికా అంటారు. ఆ పేరు వినగానే నాకు మన ఇళ్ల ముందు కట్టే తడిక గుర్తొచ్చి నవ్వొచ్చింది. పసుపు రంగు పెంకుటిల్లు, లోపల రెండు గదులు, ముప్పై మంది దాకా పిల్లలు. సూరి వాళ్లమ్మ పేరు అప్పలమ్మ. అరవై దాటిన మనిషి. గరిట పట్టుకునే ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. నూర్ అనే పెద్ద టీచరు మలయ్ భాషలో చెప్తుంటే అప్పలమ్మ నాకు తెలుగులో చెప్పింది. అన్నీ నాకు నచ్చాయని చెప్పను. అరగంట సేపు టీవీలో పాటలు పెట్టి పిల్లల్ని ముందు కూర్చోబెట్టారు. అంతకంటే మేం బాగా చేస్తున్నామని ధైర్యంగా పుస్తకంలో రాసుకున్నాను కూడా.

పది గంటలకి చిరుతిండి వేళ. పిల్లలు వాళ్లంతట వాళ్లే చేతులు కడుక్కుని, చెక్క పలకలూ చిన్న కత్తులూ తెచ్చుకుని కీరదోసకాయలు తరగడం మొదలుపెట్టారు. నా పక్కన కూర్చున్న పిల్లకి నాలుగేళ్లుంటాయేమో. కాయ జారింది, కత్తి ఆమె వేలి మీదికి వెళ్తున్నట్టు కనిపించింది. నేను చటుక్కున కత్తి లాగేసుకున్నాను.

పిల్ల ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత గదంతా దద్దరిల్లేలా ఏడ్చింది. బల్ల కిందికి దూరి మొహం గోడవైపు తిప్పేసుకుంది. నూర్ టీచరు వచ్చి నా చేతిలోంచి కత్తి తీసుకుని, మెల్లగా ఏదో అంది. అప్పలమ్మ నోరు నొక్కుకుని నవ్వాపుకుంది.

"ఏమంటోంది అప్పలమ్మా?"

"ఆ పిల్లకి సారీ సెప్పమంటన్నాది, మిమ్మల్నే. ఆ కత్తికి మొన లేదంట, పదును తక్కువంట. కాయ జారితే ఎలాగ పట్టుకోవాలో నిన్ననే నేర్పినారంట. మీరు లాక్కుంటే అది నేర్సుకోలేదని సెప్పినట్టేనంట."

ఇన్నేళ్లలో పిల్లల చేత ఎన్ని వందల సారీలు చెప్పించి ఉంటానో. నేను ఒక పిల్లకి చెప్పిన గుర్తు ఒక్కటీ లేదు. చీర కుచ్చిళ్లు దగ్గరికి తీసుకుని బల్ల పక్కన గొంతుక్కూర్చుని, "తప్పయిపోయిందమ్మా. నీ కత్తి నేను లాక్కోకూడదు" అన్నాను. తెలుగు ఆమెకి రాదు. అయినా ఏడుపు తగ్గింది. కాసేపటికి బయటికొచ్చి, కత్తి అడిగి తీసుకుని, కాయంతా తరిగింది. గిన్నెతో బల్ల చుట్టూ తిరిగి అందరికీ ముక్కలు పంచింది. నా దగ్గరికొచ్చేసరికి గిన్నె గుండెకి హత్తుకుని ముందుకి వెళ్లిపోయింది. "మీకు నేదు, పోండి!" అని అప్పలమ్మ ఈసారి పగలబడి నవ్వింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక రాత సంగతి అడిగాను. నూర్ టీచరు నన్ను ఆరేళ్ల పిల్లల గదికి తీసుకెళ్లింది. గుండ్రటి అక్షరాలు, తేలికపాటి పట్టు. రెండేళ్లు తరగడం, గుడ్డ పిండటం, బొత్తాలు పెట్టడం చేసిన చేతులు ఇవి, పెన్సిలు వీటికి బరువు కాదు అంది. వాళ్లు కాపీ పుస్తకం తెరిచి అప్పటికి నాలుగు నెలలేనట. నాకు కావలసిన రుజువు అదే.

జూన్‌లో తల్లిదండ్రుల సమావేశం పెట్టి, ఐదేళ్లు నిండేదాకా రాత లేదు, కూరలు తరగడం, బొత్తాలు పెట్టడం నేర్పుతామని చెప్పేశాను. ధాన్యం వ్యాపారం చేసే ఒక తండ్రి లేచి, "ఫీజు కట్టీది కూరలు తరగడానికేటి?" అన్నాడు. తరగడానికే అన్నాను. ఆరుగురు పిల్లల్ని మాన్పించేశారు. పద్మ ఆ వారమంతా నాతో సరిగ్గా మాట్లాడలేదు. మిగతావాళ్లు ఉన్నారు.

జూలైలో ఒకరోజు మంచినీళ్లు ఒలకబోశాడని నాలుగేళ్ల గణేష్‌ని గట్టిగా కసిరాను. తర్వాత చూస్తే సీసా మూత ముందే విరిగి ఉంది. అందరి ముందూ వాడి దగ్గర కూర్చుని, "తప్పు నాదిరా. సారీ" అన్నాను. వాడు బాగా ఆలోచించి, "పర్లేదు టీచర్. మల్లీ సెయ్యకు" అన్నాడు. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న పద్మ మర్నాడు పొద్దున్న పిల్లలు తరగడానికి తనే మూడు కిలోల బెండకాయలు కొని తెచ్చింది.

బడి నడపడం నాకు వచ్చని ఇప్పటికీ నమ్మకమే. ఆ నమ్మకంతోనే వెళ్లాను, దానితోనే వచ్చాను. మధ్యలో తెలిసిందల్లా ఒకటే. పిల్లల్ని కాపాడుతున్నాననుకుని నేను చేసిన పనుల్లో కొన్ని నా భయాన్ని కాపాడుకోవడానికి చేసినవి. అది తెలియడానికి అంత దూరం వెళ్లాలా అంటే, నాకైతే వెళ్లాల్సి వచ్చింది. సొంత బడిలో నన్ను సారీ చెప్పమనే మనిషి ఎవరూ లేరు మరి.

మీరూ విదేశంలో బడులు చూడటానికి వెళ్తుంటే ఒక్క సలహా. నాలుగైదు బడులు చుట్టేయకండి. ఒక్క బడికి నెల ముందే ఉత్తరం రాసి, తలుపు తీసిన దగ్గర్నుంచి మూసేదాకా ఒకే మూల కూర్చోండి. చేతులు మాత్రం ఒళ్లోనే ఉంచుకోండి.