భూదవ్వ ఓర్వలేనితనం

ఎల్లారెడ్డిలోని ఆ చిన్న చర్చిలో ప్రార్థన ఎత్తుకోవాలంటే భూదవ్వే ఎత్తుకోవాలి. రేకుల కింద ఆరాధన జరిగిన కాలం నుంచీ అదే పద్ధతి. ఎవరింట్లో చావైనా, జ్వరమైనా ముందు ఆమే వెళ్లి మోకరించేది. స్త్రీల సమాజానికి ఆమే పెద్ద. ఆ పెద్దరికం ఆమెకు అన్నం కన్నా రుచి.

అలాంటి చోటికి బిచ్కుంద నుంచి రుక్మాబాయి వచ్చి పడింది. సగం మరాఠీ, సగం తెలుగు. పాటెత్తితే రాగం ఒక దారి, తనొక దారి. అయినా ఆరాధన కాగానే ఆడవాళ్లంతా ఆమె చుట్టే. భూదవ్వకు కడుపు మండిపోయేది. "నిన్నగాక మొన్నొచ్చింది, గింత గీర ఏంది దీనికి?" అని బీడీల చాట ఒళ్లో పెట్టుకుని తునికాకుతో చెప్పుకునేది.

వాడలో అందరిదీ బీడీల పనే. కామారెడ్డి నుంచి ఆకు, తంబాకు తెచ్చి పంచేది టేకేదారు గంగారాం. చుట్టి తెచ్చిన బీడీల్లో కొన్నింటిని బాగా లేవని పక్కకు తీసేస్తాడు. వాటికి కూలి ఇవ్వడు, తిరిగీ ఇవ్వడు. చాటుగా అమ్ముకుంటాడు. ఈ అన్యాయం గురించి భూదవ్వ దేవునికి చాలాసార్లు చెప్పింది. గంగారాంకు మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

రుక్మాబాయి చెప్పింది. ఒక ఆదివారం అందరి ముందు లేచి, "బాగ లేకపోతే మా బీడీలు మాకు వాపస్ ఇయ్యాలె. గప్పటిదాంక ఎవ్వలం చుట్టొద్దు," అంది. పాస్టరయ్య ప్రసంగం ఆపేసి, "కూలోళ్ల నోరు కొడుతుంటే చూస్కుంట పాటలు పాడితే అది సంఘమెట్లయితది? నేనుగూడ మీతోని వస్త," అన్నాడు. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఇన్నేండ్లలో తన ప్రార్థనకు ఆమెన్ తప్ప ఏం దక్కిందని భూదవ్వ కుమిలిపోయింది.

పని ఆగింది. ఇళ్లలో పొయ్యి వెలగడం కష్టమైంది. ఈ పోరాటం చెడిపోతే బాగుండునని భూదవ్వ కోరుకుంది. విశ్వాసి కోరుకోవాల్సిన కోరిక కాదు. అయినా కోరుకుంది.

ఆ సాయంత్రమే, ఎన్నడూ రాని గంగారాం ఆమె వాకిట్లోకి వచ్చాడు.

"అవ్వా, పెద్దమనిషివి నువ్వు. రేపు నువ్వొచ్చి ఆకు తీస్కపో. అందరు నీ ఎనుకనే వస్తరు. నీ బీడీలు ఒక్కటి గూడ తీసెయ్య."

భూదవ్వ మనసు ఉబ్బిపోయింది. రుక్మాబాయి మాట పడిపోవాలి, తన మాట నడవాలి. ఇదే కదా కావాల్సింది! చాయ్ పెడుతూ ఊరికే అడిగింది: "రుక్మాబాయి ఇంటికి పోయినవా బిడ్డా?"

గంగారాం నవ్వాడు. "దాని తానికి ఎవడు పోతడవ్వా! అది వినే రకమా? నువ్వంటే మనదానివి."

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. ఆ మరాఠీదాని గడప తొక్కాలంటే వీడికి భయం. తన గడపంటే లెక్కే లేదు. ఈర్ష్య ఇన్నాళ్లూ కడుపులో ఉండేది, ఇప్పుడు ఒళ్లంతా పాకింది.

చాయ్ గిన్నె దించి పక్కన పెట్టింది. "దానికి భయపడతవ్, నాకు భయపడవా? లే, నడువ్ బయటికి!" అని అరిచింది.

మర్నాడు గంగారాం బీడీల కార్ఖానా ఎదుట ధర్నాకు అందరికన్నా ముందే భూదవ్వ కూర్చుంది. రుక్మాబాయి సంతోషంగా చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. "నా ఎనుక కూసో," అంది.

గంగారాం తలుపు తీశాడు. ఎదురుగా భూదవ్వను చూసి గతుక్కుమని లోపలికి జరిగాడు.

రుక్మాబాయి అది చూసిందో లేదోనని భూదవ్వ వెనక్కి తిరిగి చూసింది.