నిండు బస్సు

మా బావ కండక్టరు. అంటే మా ఆవిడకు స్వయానా అన్న. ఇరవై రెండేళ్లు ఒకే రూటులో టిక్కెట్లు ఇచ్చాడు. అందులో పద్నాలుగేళ్లు ఆ బస్సు నడిపింది నేనే. ఊళ్లో అందరూ అతన్ని 'రూల్సాయన' అంటారు. మూట సీటు మీద పెడితే రూలు, చిల్లర తేకపోతే రూలు, తుమ్మితే రూలు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆ రూల్సు ఏ పుస్తకంలో ఉన్నాయో నేనెప్పుడూ చూడలేదు. అతనూ చూడలేదని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఊరు మాత్రం తక్కువ తిన్నదా? ఈ బస్సు కోసం ఒకప్పుడు ఊరంతా మూడు రోజులు రోడ్డుకు అడ్డంగా కూర్చుంది. చివరికి, వచ్చే నష్టం ప్రభుత్వం భరించేట్టు ఒప్పుకుని బస్సు వేశారు. మొదటి ఏడాది టాపు మీద కూడా జనమే. తర్వాత ఇంటికో బండి వచ్చింది. ఎండలో కూర్చుని బస్సు సాధించిన ఆ వీరులే హారన్ కొట్టుకుంటూ నన్ను దాటి పోయేవారు. నలభై ఎనిమిది సీట్ల బస్సులో తొమ్మిదిమంది మిగిలారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఆ తొమ్మిదిమందిలో నిజంగా బస్సు అవసరమైన మనిషి ఒక్కతే. ఐదో మైలు మలుపు దగ్గర రేకుల షెడ్డులో బట్టలు ఇస్త్రీ చేసే పెద్దమ్మ. ఆమెకు కిడ్నీలు పాడయ్యాయి. మంగళవారం, శుక్రవారం పట్టణం ఆసుపత్రికి వెళ్లి మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. పొద్దున్నే ఆరుంబావుకు మా బస్సు తప్ప ఇంకేదీ లేదు. ఆటోవాడు ఆ వేళకు దుప్పటి తీయడు, తీసినా అతను అడిగేది ఆమె ఇచ్చుకోలేదు. ఒకసారి మిషను తప్పితే ఒళ్లు వాస్తుంది, రెండుసార్లు తప్పితే చెప్పలేమని డాక్టరు ఆమెతో నా ఎదురుగానే అన్నాడు.

ఒకరోజు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, రెండు పేజీలు. బావ ఫుట్‌బోర్డు మీద నిలబడి మొదటి పేజీ గొంతు సవరించుకుని మరీ చదివాడు. వచ్చే మంగళవారం ఆఫీసరు బస్సెక్కి జనాన్ని లెక్కపెడతాడు. పన్నెండుమంది కంటే తక్కువుంటే బస్సు ఎత్తేస్తారు.

పెద్దమ్మ ముందు సీట్లోంచి లేచింది. "మరి నా సంగతేంటి నాయనా?" అంది.

"నేనుండగా ఈ బస్సెలా పోద్దో నేనూ చూస్తా పెద్దమ్మా. నువ్వు ధైర్యంగా ఉండు," అన్నాడు బావ.

"బావా, ఇంకో పేజీ ఉంది," అన్నాను.

"అది ఆఫీసు వాళ్ల గొడవలేవోయ్. ఇరవై రెండేళ్ల సర్వీసు నాది. నాకు చదవడం నేర్పుతావా?" ఉత్తరం మడిచి టిక్కెట్ల సంచిలో పడేశాడు.

ఆ వారమంతా ఇల్లిల్లూ తిరిగాడు. బతిమాలాడు, బెదిరించాడు. మంగళవారం పొద్దున స్టాపులో జాతరలా జనం! మంగలి కొట్టు మూసి వచ్చాడు. ఒక పెద్దమనిషి బండి మీద బస్టాపుకు వచ్చి, బండికి తాళం వేసి, బస్సెక్కాడు. ఎక్కడ దిగాలో సగంమందికి తెలియదు. పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా నా ముఖం చూడనివాళ్లు ఆ రోజు "డ్రైవరుగారూ, బాగున్నారా?" అన్నారు. సిగ్గన్నది లేని ఊరు.

ఆఫీసరు నా వెనక సీట్లో కూర్చుని ఒక్కొక్కరినీ చూసి కాగితం మీద గీతలు పెడుతున్నాడు. బావ చొక్కా గంజి పెట్టి ఇస్త్రీ చేసి తళతళలాడుతోంది. ముందురోజు సాయంత్రం పెద్దమ్మే చేసి ఇచ్చింది, డబ్బులు కూడా తీసుకోలేదు.

ఐదో మైలు వచ్చింది. గుడ్డసంచి చంకలో పెట్టుకుని పెద్దమ్మ నిలబడి ఉంది. నేను బస్సు నెమ్మది చేశాను. వెనక బావ తాడు లాగి గంట రెండుసార్లు కొట్టాడు, పోనిమ్మని.

"ఫుల్లయిపోయింది, పోనీవోయ్! ఫుట్‌బోర్డు మీద మనిషి నిలబడితే రూలు ఒప్పుకోదు. ఆఫీసరున్నాడు!" అని బావ అరిచాడు.

నేను పోనిచ్చాను. అద్దంలో చూస్తే, దుమ్ము పడకుండా ఆమె రెండడుగులు వెనక్కి జరుగుతోంది.

శుక్రవారం బస్సు ఎప్పటిలాగే ఖాళీ. పెద్దమ్మ ముఖం ఉబ్బిపోయి, కమ్మీ పట్టుకుని మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కింది. "బస్సు నిండా ఎంత జనం నాయనా! నా కళ్లతో చూశాగా. ఇంక ఎవడు ఎత్తేస్తాడు?" అని నవ్వింది. బావ టిక్కెట్టు ఇచ్చి కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు.

మూడు వారాలకు ఆర్డరు వచ్చింది. మూడింట రెండొంతుల సీట్లు దాటి నిండే బస్సుకు నష్టం ఉండదు, కాబట్టి నష్టానికి ప్రభుత్వం ఇచ్చే సాయం ఆపేస్తున్నాం అని రాశారు. అది రెండో పేజీలోని మొదటి రూలే. సాయం లేనిదే ఆ రూటు మాకొద్దని నెల తిరక్కుండా డిపో వాళ్లు బస్సు తీసేశారు. ఈసారి రోడ్డుకు అడ్డంగా ఒక్కడూ కూర్చోలేదు. కూర్చుంటే ఆగేది వాళ్ల బండ్లే.

ఆ మాట పెద్దమ్మకు చెప్పే ముఖం బావకు లేదు. "నువ్వెళ్లి చెప్పవోయ్," అని నన్ను పంపాడు. ఇరవై రెండేళ్ల సర్వీసు!

ఆమె ఇస్త్రీపెట్టెలో బొగ్గులు సర్దుతూ విన్నది. "పాలవ్యాను వాణ్ని అడుగుతాలే. క్యాన్ల మధ్య కూర్చోనిస్తే చాలు. రోజూ రాడనుకో," అంది. తర్వాత మడతపెట్టిన ఖాకీ చొక్కా ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. "కండక్టరుకియ్యి. కొత్త రూటులో నలిగిన చొక్కాతో ఎక్కితే బాగోదు."

సిగ్గులేని మనిషి, మర్నాడు అదే తొడుక్కుని డ్యూటీకి వెళ్లాడు. అతన్ని ఇప్పటికీ మా ఆవిడ ముందే తిడతాను. ఆవిడ మాత్రం ఒకసారి నన్ను ఒక మాట అడిగింది. గంట లాగింది మా అన్నే, బ్రేకు ఎవరి కాలి కింద ఉంది అని.