ఆవకాయ గదిలో స్ఫటికం

నిన్న మధ్యాహ్నం భోజనం చేసి, బీపీ మాత్ర వేసుకుని నడుం వాల్చబోతుంటే, సెలవులకి వచ్చిన మా మేనకోడలి కూతురు పక్కన చేరి ఫోనులో ఒక బొమ్మ చూపించింది. రంగురంగుల రిబ్బన్లు మెలికలు తిరిగి చిక్కుపడినట్టున్న ఆ బొమ్మ, కొబ్బరిలో ఉండే ఒక ప్రొటీను లోపలి అమరిక అట. ఒకప్పుడు నేను దాని మీదే పనిచేశానని వాళ్లమ్మ చెబితే వెతికి తెచ్చిందట. దాన్ని తేల్చినవాళ్లెవరో నాకు తెలియదు. ఆ పిల్లా నాలాగే ప్రొటీన్లను స్ఫటికాలుగా పెంచి చూసే పనిలోనే ఉంది. స్ఫటికాలను పెట్టెలో పెట్టి సింక్రోట్రాన్ అనే పెద్ద ఎక్స్-రే యంత్రం ఉన్న చోటికి పార్సిలు పంపితే అక్కడి రోబో చేయి వాటిని ఒక్కొక్కటిగా కిరణాల ముందు నిలబెడుతుందట, ఈవిడగారు హాస్టలు గదిలో టీ తాగుతూ కంప్యూటరులో చూసుకుంటుందట. బాగుందమ్మా అన్నాను. అంతకుమించి మాట్లాడే ఓపిక లేకపోయింది గానీ, నిద్ర మాత్రం పట్టలేదు.

మీలో ఎనభైలలో యూనివర్సిటీ ప్రయోగశాలల్లో పనిచేసినవాళ్లుంటే నేను చెప్పేది అర్థమవుతుంది. మా ఎక్స్-రే యంత్రానికి నీళ్లు ఆగితే కోపం, కరెంటు పోతే అలక. రోజంతా స్ఫటికాన్ని దాని ముందు తిప్పితే ఒక ఫిల్మ్ మీద చుక్కలు పడేవి, ఏ చుక్క ఎంత నల్లగా ఉందో కంటితోనే పోల్చి రాసుకునేవాళ్లం, ఆ లెక్కల్లోంచే లోపలి అమరిక తేలాలి. ఇప్పుడు నా కళ్లద్దాలు ఇంత మందంగా ఉన్నాయంటే అందులో ఆ చుక్కల వాటా కూడా ఉంది.

అంబాజీపేటలో కొబ్బరి కొట్లో గుమస్తాగా చేసే మా నాన్నగారు, కొబ్బరిలోంచి అందరూ నూనె తీస్తుంటే మా అమ్మాయి చుక్కలు తీస్తోందని కనిపించినవాళ్లందరికీ చెప్పి నవ్వేవారు. నిజానికి ఆ చుక్కలు కూడా సరిగా రాలేదు. నాకు వచ్చే స్ఫటికాలు మరీ చిన్నవి, మా యంత్రం మరీ నీరసమైనది. అప్పుడు మా గైడుగారు ఒక దారి చూపించారు. విదేశంలో ఉన్న ఆయన స్నేహితుడికి సింక్రోట్రాన్ మీద పనిచేసే అవకాశం ఉంది. ఎలక్ట్రాన్లను పెద్ద గుండ్రటి గొట్టంలో వెలుతురుతో పోటీగా పరిగెత్తిస్తే, మలుపు తిరిగే ప్రతిచోటా అవి విదిలించే ఎక్స్-కిరణాలు మా యంత్రం కలలో కూడా ఎరగనంత ప్రకాశంగా ఉంటాయి. ఆ స్నేహితుడు వేసవిలో మన దేశం వచ్చి వెళతారు, ఒక్క మంచి స్ఫటికం చేతికిస్తే చాలు, పట్టుకెళ్లి ఆ కిరణాల్లో పెడతారు. అది తప్పితే మళ్లీ అలాంటి వీలు రాదని గైడుగారు ముందే చెప్పారు. నా థీసిస్ అంతా ఆ ఒక్క స్ఫటికం మీద ఆధారపడి ఉంది.

వేసవికి హాస్టలు మూసేశారు. కొబ్బరి ప్రొటీను ద్రావణం ఉన్న గాజుగిన్నెను ఒళ్లో పెట్టుకుని, బస్సు కుదిపిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టి ఇంటికొచ్చాను. స్ఫటికం పెరగాలంటే అలికిడి ఉండకూడదు, కదిలితే ఒక్కటి పెరగాల్సిన చోట వెయ్యి పుడతాయి. మా ఇంటి ముందు చూస్తే కాయల లారీలు, అవి కదిలినప్పుడల్లా గోడ మీద గడియారం కూడా వణికేది. కదలని చోటు ఒక్కటే ఉంది, వెనకవైపు ఆవకాయ జాడీలుండే చీకటి గది. అది మా పెద్దమ్మ రాజ్యం. పెదనాన్నగారు పోయాక మా ఇంట్లోనే ఉండి వంటిల్లు ఏలిన మనిషి. అందులో ఏముందని ఆవిడ అడిగితే, కొబ్బరిసారం, ఉప్పునీళ్లు, మూతపెట్టి కదపకుండా ఉంచితే దానంతట అదే తయారవుతుందని చెప్పాను. సరేనని, అప్పుడే కలిపిన ఆవకాయ జాడీ పక్కన చోటిచ్చి, గిన్నెకి కూడా వాసెన గుడ్డ కట్టింది.

నిజంగానే పెరిగింది. భూతద్దంలో చూస్తే ఆవగింజలో సగమంత, అంచులు తీర్చి, ఒంటరిగా మెరుస్తూ కనిపించింది. అమలాపురం వెళ్లి గైడుగారికి ట్రంకు కాల్ చేసి చెప్పి, సంతోషంగా తిరిగొచ్చాను. పెద్దమ్మ గుమ్మంలోనే ఎదురైంది.

"నీ గిన్నె కూడా తిరగకలిపేనమ్మాయ్. మూడోరోజు కదా, నువ్వు మర్చిపోయి వెళ్లిపోయేవు. తడి తగల్లేదులే, చెంచా ఎండలో పెట్టి మరీ కలిపేను."

ఆవకాయ పెట్టిన మూడోరోజు తిరగకలపకపోతే పాడైపోతుందని మన ఇళ్లలో తెలియనిదెవరికి? పరాయి జాడీ అయినా ఆవిడ చూస్తూ చూస్తూ పాడవనివ్వదు. భూతద్దం పెట్టి చూస్తే అడుగున మెరిసే పొడి తప్ప ఏమీ లేదు. నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు, ఒక పెద్ద అలసట వచ్చి మీద కూర్చుంది, అది ఇప్పటికీ పూర్తిగా లేచి వెళ్లలేదు.

"కుదురుద్దా?" అని అడిగింది పెద్దమ్మ, నా మొహంలోకి చూస్తూ.

"ఆయ్, కుదురుద్ది పెద్దమ్మా," అన్నాను.

మళ్లీ పెంచే వ్యవధి లేక, గైడుగారి స్నేహితుడు ఉత్త చేతులతో వెళ్లిపోయారు. నేను ఇంకేదో చిన్న పదార్థం మీద ఎలాగో థీసిస్ ముగించి, అమలాపురంలో పాఠాలు చెప్పుకుంటూనే రిటైరయ్యాను. ఏటా వేసవిలో ఆవకాయ కలుపుతూ ఆ కొబ్బరిది కుదిరిందా అని పెద్దమ్మ అడిగేది, కుదిరిందని నేను చెప్పేదాన్ని. కుదరదా మరి, అని ఆవిడ తృప్తిగా చేతులు కడుక్కునేది.

ఇప్పుడు మా ఇంట్లో ఆవకాయ కొట్టునుంచి సీసాలో వస్తుంది, వెనక గదిలో ఇన్వర్టరు పెట్టారు. దేనికోసమైనా అలికిడి చేయకుండా కాచుకుని కూర్చునే అలవాటు ఎవరికీ లేదు, ఆ అవసరమూ లేదు, నాకైతే ఇక ఓపికా లేదు. అయినా ఇవాళ పొద్దున్న పిల్లని పిలిచి ఆ బొమ్మ ఇంకోసారి చూపించమన్నాను. పెద్దది చేసి, తిప్పి తిప్పి చూపించింది. నేను ఏటా చెప్పిన అబద్ధాన్ని ఎవరో, ఎక్కడో నిజం చేశారు. కుదిరింది పెద్దమ్మా అని ఈసారి నిజంగానే చెబుదామంటే, వినడానికి ఆవిడ లేదు.