కుంటే ఆవు కనపడే టీవీ

అది 2008, ఆయుధపూజ ముందర రోజులు. హోసూరు బస్టాండుకి దగ్గరలో ఒక టీవీ షోరూములో నేను అప్పటికి కొన్నేళ్ళుగా సేల్స్ చూస్తున్నాను. మా ఊళ్ళో ఆయుధపూజ అంటే ఫ్యాక్టరీల బోనసు. ఆ ఏడు బోనసు చేతికొచ్చిన వాళ్ళందరూ ఒకటే మాట పట్టుకుని వచ్చేవారు: "గోడకి తగిలించే టీవీ కావల." అందులో ఎలాంటిది కావాలంటే మాత్రం ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే మాకూ అంతంత మాత్రమే. కంపెనీ మనిషి ఒక పూట ట్రైనింగ్ ఇచ్చి, చేతిలో రంగు కాగితాలు పెట్టి వెళ్ళిపోయాడు.

అందరినీ తికమక పెట్టినవి హెచ్‌డీ రెడీ, ఫుల్ హెచ్‌డీ అనే రెండు మాటలు. నేను ముగ్గుతో పోల్చి చెప్పేదాన్ని. టీవీలో కనపడే బొమ్మంతా చుక్కలే. వాటినే పిక్సెల్స్ అంటారు. హెచ్‌డీ రెడీ కంటే ఫుల్ హెచ్‌డీలో చుక్కలు దాదాపు రెట్టింపు. చుక్కలు పెరిగితే బొమ్మ సన్నగా, తీరుగా వస్తుంది, ధర కూడా పెరుగుతుంది. ఇంతవరకు అందరూ తలూపేవారు. "అయితే మా ఇంట్లో కేబుల్‌కి ఏది బాగుంటాది?" అని అడిగితే మాత్రం నేను నీళ్ళు నమలాల్సి వచ్చేది. అప్పట్లో మా వైపు ఇళ్ళకి వచ్చే ఛానెళ్ళలో హెచ్‌డీ అన్నదే లేదు మరి. మేము షాపులో డెమో డిస్క్ వేసి చూపించేవాళ్ళం. అందులో చేపలు, పూలు, మంచు కొండలు, పచ్చిక మీద నడిచిపోయే సీమ ఆవులు ఉండేవి. ఆ డిస్క్ వేస్తే ఏ టీవీ అయినా కళకళలాడుతుంది.

ఒక మధ్యాహ్నం మునిరాజు వచ్చాడు. ఇండస్ట్రియల్ ఎస్టేటులో మిషన్ ఆపరేటరు. వెంట వాళ్ళ మేనత్త నంజమ్మ ఉంది. అంచెట్టి దగ్గర అడవి పల్లె నుంచి ఆ టీవీ ఎంచడానికే బస్సెక్కి వచ్చిందట.

"హెచ్‌డీ టీవీ కావలమ్మా. బోనసు దాటకూడదు. బొమ్మ మాత్రం క్లియర్‌గా ఉండల్ల" అన్నాడు మునిరాజు.

"ఇప్పుడుండే టీవీకి ఏమొచ్చిందప్పా?"

"పల్లెలో మా ఇంటి టీవీ పొగ కమ్మినట్టు ఉండాదంట. డిష్ తిప్పించినాము, వైరు మార్చినాము, మెకానిక్ కాడ పెట్టినాము. బాగా కనపడాలని టీవీ పైననే ట్యూబ్‌లైటు కూడా ఏసినాము. అయినా పొగేనంట."

"అంట, అంట అంటావేమి? నీకు కనపడలేదా ఆ పొగ?"

మునిరాజు బుర్ర గోక్కున్నాడు. "నాకు బాగానే కనపడతాదమ్మా. ఇంట్లో అందరికీ బాగానే ఉండాది. కానీ అత్త పొగ అంటా ఉండాదే! అత్త చూసి చెప్పిందంటే మా పక్క ఇంక మాట లేదు."

అతను చెప్పింది ఇదీ. నంజమ్మ పశువుల్ని ఎంచే మనిషి. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరు ఆవుని కొనాలన్నా సంతకి ఆమెను తీసుకుని పోతారు. దూరం నుంచి నడక చూసి వంక చెప్పేస్తుంది. భర్త పోయాక ఆమె బతుకూ, గౌరవమూ అంతా ఆ చూపే. అలాంటి చూపుకి పొగ కనపడిందంటే టీవీలో పొగ ఉండి తీరాలి. తమ కళ్ళకి అది ఆనలేదంటే తమ కళ్ళే చాలవని ఇంటిల్లిపాదీ అనుకున్నారు!

నేను బడ్జెట్టులో వచ్చే హెచ్‌డీ రెడీ టీవీ ముందు ఆమెను కూర్చోబెట్టాను. ఆమె చాలాసేపు చూసి, "దీంట్లో కూడా పొగే తల్లీ" అంది. ఎల్‌సీడీ టీవీని పక్క నుంచి చూస్తే రంగు తేలిపోతుంది కాబట్టి సరిగ్గా ఎదురుగా జరిపాను. కాంట్రాస్టు పెంచాను, షార్ప్‌నెస్ పెంచాను, నాకు తెలిసిన బటన్లన్నీ నొక్కాను. చివరికి షాపులో అన్నిటికంటే ఖరీదైన ఫుల్ హెచ్‌డీ టీవీ దగ్గరకు తీసుకెళ్ళాను.

"ఇది పెద్ద టీవీ. పొగా పెద్దదే" అంది నంజమ్మ.

నాకు తల తిరిగిపోయింది. మునిరాజు నన్ను అనుమానంగా చూస్తూ, "ఏమమ్మా, పాత సరుకు గాని పెట్టినారా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆ ఏడు తమిళనాడులో కరెంటు కోతలు ఎలా ఉండేవో తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. కొనేవాళ్ళు లేచి పోకూడదని మా ఓనరు టీవీల వరుసకి మాత్రం ఇన్వర్టర్ పెట్టించాడు. పైన ట్యూబ్‌లైట్లన్నీ ఆరిపోయి, చీకట్లో టీవీలు మాత్రం వెలుగుతున్నాయి.

"ఇదిగో! ఇప్పుడు బాగుండాది" అని నంజమ్మ కుర్చీలో ముందుకి జరిగింది. "పూలు కనపడతా ఉండాయి. పొగ తగ్గిపోయింది."

మునిరాజు మొహం వెలిగింది. కాసేపటికి కరెంటు వచ్చింది. లైట్లు వెలిగాయి. "మళ్ళా వచ్చేసింది పొగ" అంది ఆమె దిగులుగా.

టీవీ అదే, డిస్క్ అదే, కుర్చీ అదే. ఓనరు ఎక్కడి నుంచో ఊడిపడి, "ఓల్టేజీ తేడాప్పా, స్టెబిలైజరు పెడితే సరిపోతాది" అన్నాడు. ఆయనకీ ఏమీ తెలియదు. మునిరాజు మాత్రం నమ్మేశాడు. ఆ ఖరీదైన టీవీయే తీసుకుంటానని, తక్కువ పడేది చీటీ డబ్బు ఎత్తి కడతానని తయారైపోయాడు. ఓనరూ, అతనూ స్టెబిలైజర్లు చూడటానికి లోపలి గదికి వెళ్ళారు.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. కంటి ఆపరేషన్‌కి ముందు ఆమె కూడా వెలుతురు ఎక్కువైతే ఏమీ కనపడటం లేదనేది. వంటింట్లో పొయ్యి పొగ అని నన్ను తిట్టేది. అది పొగ కాదు, శుక్లం. నేను నంజమ్మ పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అడిగాను.

"అమ్మా, సంతలో కూడా పొగే ఉంటాదా?"

ఆమె గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. "మునిరాజుతో అనొద్దు తల్లీ."

"ఎన్నాళ్ళ నుంచి?"

"శానా నాళ్ళయింది. పోయిన సంతలో ఒక ఆవుని చేత్తో తడిమి సరే అన్నాను. నడక నాకు ఆనలేదు. ఇంటికి తోలుకపోతా ఉంటే కుంటింది. దోవలో రాయి గుచ్చుకునుంటాదిలే అనుకున్నారు, నన్ను ఒక్క మాట అనలేదు. నాకు తెలుసును గదా."

"ఇది కంట్లో పొర అమ్మా. దాచిపెడితే ఎట్లా?"

నంజమ్మ కొంచెం నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది. "కంట్లో పొర ఉండే ఆవుని నేనే ఎవురినీ కొననియ్యను తల్లీ. నాకే పొర ఉండాదంటే నన్ను ఇంక సంతకి ఎవురు పిలస్తారు?"

ఆపరేషన్ తర్వాత మా అమ్మ సూదిలో దారం ఎక్కించిన సంగతి చెప్పాను. ఆవుకి చేయించరేమో గాని, మనిషికి చేస్తారని, కృష్ణగిరిలోనే చేస్తారని చెప్పాను. ఆమె టీవీ వైపు తిరిగి కూర్చుంది.

మునిరాజు స్టెబిలైజరు పెట్టె మోసుకుంటూ వచ్చాడు. "అత్తా, బిల్లు ఏయిస్తా ఉండాను."

"వద్దురా. టీవీలో ఏమీ లేదు. నా కంట్లోనే ఉండాది."

అతను పెట్టెతోనే నిలబడిపోయాడు. "అయితే... డిష్ తిప్పించినామే? మెకానిక్‌కి ఇచ్చినామే?" అన్నాడు. తర్వాత మాట మెత్తబడింది. "నాకు చెప్పకూడదా అత్తా?" వాళ్ళిద్దరూ బోనసు జేబులో పెట్టుకునే వెళ్ళిపోయారు. వచ్చిన బేరాన్ని చేజేతులా పంపేశానని ఓనరు నాతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

ఎండాకాలం మొదట్లో ఒక సంతరోజు ఇద్దరూ మళ్ళీ వచ్చారు. నంజమ్మ వాకిట్లో నుంచే నన్ను చూసి, "నువ్వు ఇంత చిన్నదానివా? నీ మొగం ఆ పొద్దు నాకు సరిగ్గా ఆనలేదు" అని నవ్వింది. కృష్ణగిరిలో రెండు కళ్ళకీ ఆపరేషన్ అయిందట. పాత టీవీ సుబ్బరంగా ఉందట. కానీ మునిరాజుకి గోడ టీవీ మీద ఆశ పోలేదు.

డెమో డిస్క్ తిరుగుతోంది. ఖరీదైన ఫుల్ హెచ్‌డీ టీవీలో సీమ ఆవులు వచ్చాయి. నంజమ్మ చటుక్కున చెయ్యెత్తింది.

"ఆ వెనకాల వచ్చేదాన్ని చూడు. ముందరి ఎడమ కాలు ఈడస్తా ఉండాది."

నేను ఆ డిస్క్‌ని రోజంతా చూసే మనిషిని. ఏ ఆవూ కుంటినట్టు నాకెప్పుడూ అనిపించలేదు. వెనక్కి తిప్పి వేశాను. నిజమే, ఆ ఆవు కాలు మోపేటప్పుడు తల కొంచెం పైకి ఎగరేస్తోంది.

"చౌక దాంట్లో ఏసి చూపించు" అంది. హెచ్‌డీ రెడీ టీవీలో అదే ముక్క వేశాను. నంజమ్మ చేతులు కట్టుకుని, సంతలో నిలబడినట్టే నిలబడి చూసింది.

"దీంట్లోనూ కుంటతానే ఉండాది. ఇది చాలురా మునిరాజూ, దుడ్లు ఇచ్చేయి. బిరిక్కిన పోదాము, సంతలో నా కోసరం కాచుకొని ఉండారు."

మునిరాజు బిల్లు కట్టేలోపే ఆమె రోడ్డు మీదకి దిగేసింది.

ఆ తర్వాత టీవీ కొనడానికి ఎవరొచ్చినా ధర కంటే ముందు, ఇంట్లో టీవీ చూసేది ఎవరని అడగడం నేర్చుకున్నాను. ఫుల్ హెచ్‌డీయా, హెచ్‌డీ రెడీయా అని కొట్టుమిట్టాడే వాళ్ళకి ఆ ఆవుల ముక్క వేసి, ఏది కుంటుతోందో చెప్పమనేదాన్ని. చౌక టీవీలో దొరికిందంటే అదే ఇచ్చి పంపేదాన్ని. ఓనరు గొణిగేవాడు. చాలామందికి ఏ టీవీలోనూ ఆ ఆవు దొరికేది కాదు. నాకు మాత్రం, ఆ రోజు తర్వాత, అది కుంటకుండా ఒక్కసారీ కనపడలేదు.