ములింగార్ లైబ్రరీలో మా ఆయన వాదన

ఆ సాయంత్రం ములింగార్ లైబ్రరీలో నా కాళ్ళు ఒకచోట నిలవలేదు. మాట్లాడబోయేది మా ఆయన మరి! గుంటూరు కోర్టులో ప్లీడరుగా గడగడలాడించిన మనిషి, నా నర్సు ఉద్యోగం కోసం ఐర్లండ్ వచ్చాక వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళను చూసుకునే కేరర్‌గా చేరిపోయాడు. కోర్టు మాటెత్తితే "ఇప్పుడవన్నీ ఎందుకులే" అనేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది.

ఈ ఊరి నుంచి వలస వెళ్ళి, అమెరికా కొత్తగా దేశమైన రోజుల్లో అక్కడ లాయరై, ఆ తర్వాత శాసనసభకు ఎన్నికైన ఒకతని చరిత్ర మా ఆయన్ని పట్టేసింది. దొరికిన పుస్తకమల్లా చదివాడు. అది గమనించిన లైబ్రేరియన్ ఆ లాయరు గురించి నలుగురి ముందు మాట్లాడమంది. మా ఆయన ఒప్పుకున్నాడని తెలిసి నేను వంటింట్లో గంతేశాను. మా అమ్మాయి "యూల్ బీ గ్రాండ్, డాడీ" అని ధైర్యం చెప్పింది.

తీరా నిలబడ్డాక కాగితం చూస్తూ నీళ్ళు నమిలాడు. ఆ లాయరు తొలి రోజుల దగ్గరే తడబడ్డాడు. ఇంతలో ముందు వరుసలోని ముసలాయన, రిటైరైన మాస్టారట, అడ్డు తగిలాడు. "మొదటి ఏళ్ళన్నీ అతను ఎవరి ఆఫీసులోనో కాగితాలు రాసిపెట్టిన గుమాస్తాయేగా? వాటినీ లాయరు జీవితంలో కలిపేస్తావా?"

మా ఆయన తలెత్తాడు. కాగితం బల్ల మీద పెట్టేసి, కుడిచేత్తో భుజం మీదికి గౌను సర్దుకున్నాడు. అక్కడున్నది ఊలు స్వెట్టరు! కోర్టులో ఎదుటి ప్లీడరు మీదికి లేచే ముందు ఆయన అలవాటది. చూసి ఎన్నేళ్ళయిందో. నాకు ఈల వెయ్యాలనిపించింది.

"నేనొప్పుకోను సార్. అప్పట్లో లా నేర్చుకునేదే అలాగ. ఊళ్ళోవాళ్ళ అర్జీలు రాసిపెడుతూ వాళ్ళ కష్టాలు తెలుసుకున్నాడు. మొదటి ఎన్నికలో ఓడిపోయాడు. మళ్ళీ నిలబడితే గెలిపించిందెవరు? ఆ అర్జీలు రాయించుకున్నవాళ్ళే. ఆ ఏళ్ళు తీసేస్తే ఇక ఆ మనిషెక్కడ?"

గొంతు గోడలకు తగిలి మోగింది. అందరూ చప్పట్లు కొట్టారు, అందరికన్నా గట్టిగా నేను. ముసలాయన నవ్వుతూ లేచి, "కేసు నువ్వే గెలిచావు. ఏ కోర్టులో ప్రాక్టీసు?" అన్నాడు.

"కోర్టు కాదు సార్. వృద్ధాశ్రమంలో కేరర్‌ని."

ముసలాయన వచ్చి మా ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

కారెక్కాక మా ఆయన తాళం చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమే, ఇక్కడ ప్లీడరీ చెయ్యాలంటే మళ్ళీ ఏం పరీక్షలు రాయాలో ఎవర్నన్నా కనుక్కుందామా?"

"ఎవర్నీ అడగక్కర్లేదండీ. ఇక్కడికొచ్చిన ఏడాదే కనుక్కున్నా. మీ నోటెంట ఆ మాట ఎప్పుడొస్తదా అని చూస్తన్నా, అంతే."