రెండో పిలుపు

ఇవాళ పొద్దున గుడివాడలో, మా వీధి చివర ఎవరో తారు కాస్తున్నారు. పాతరోజుల్లో పడవలకు పూసే తారు ఘాటే. అది ముక్కుకు తగిలిందో లేదో, వెనకనుంచి "సూర్యం!" అని పిలుపు. తిరిగి చూస్తే ఖాళీ గోడ. నేను పలకలేదు. కుర్చీ చేతులు పట్టుకొని రెండో పిలుపు కోసం కూర్చున్నాను. ఇలా కూర్చోవడం నాకు నేర్పినవారు వెంకటప్పయ్యగారు. బందరు కాలువ మీద పడవలను ఎగువనుంచి దిగువకు దించే లాకుకు ఆయన సూపరింటెండెంటు. దాని తలుపులు తీసి మూసే లస్కరుని నేను.

చిన్నప్పుడు పడవ గడ తగిలి నా నెత్తిన ఎముక లోపలికి నొక్కుకుపోయింది. పెద్దయ్యాక దాని పుణ్యమా అని మూర్ఛలు పట్టుకున్నాయి. ప్రతిసారీ ముందుగా ఎవరో వెనకనుంచి ఒక్కసారి పేరు పెట్టి పిలిచేవారు. ఆ తరవాత నేనుండేవాణ్ణి కాదు. చివరికి మద్రాసులో ఒక దొర నా బుర్ర విప్పి, ఎముక పైకెత్తి, మళ్లీ కుట్టాడు. తెలుగు ముక్క రాని మనిషి నా తలరాత ఎలా దిద్దాడో ఇప్పటికీ తెలియదు. ఫిట్స్ పోయాయిగాని, నేను పనికి ఫిట్ అని ఒప్పుకున్నవాడు లేడు. "వాడి తలకు కన్నం పెట్టారు. దయ్యానికి దారి పడింది. వాడు తలుపు తీస్తే మా పడవ లాకులోకి రాదు" అని సరంగులు భీష్మించుకున్నారు.

వెంకటప్పయ్యగారు నన్ను పక్కకు తీసుకెళ్లారు.

"ఆ పిలుపు ఇంకా వినబడుతోందటోయ్?"

"లేదండీ. వినబడుతుందేమోనని భయం."

"నేను నిన్నెప్పుడూ రెండుసార్లు పిలుస్తాను. ఒక్కసారే వినబడితే అది నేను కాదు. లాకు తలుపు తిప్పే దూలం పట్టుకొని కూర్చో. రెండోది వస్తే పలుకు. నీళ్లలో పడ్డావా, నీతోపాటు నీ ఉద్యోగమూ మునుగుతుంది. నాదీ మునుగుతుందనుకో."

సరంగులు సణుగుతున్నా ఆయన నన్ను మళ్లీ తలుపుల దగ్గర పెట్టారు. ఆనాటినుంచి "సూర్యం! సూర్యం!" అని లాకంతా జంటకేకలే. "ఏం బావా, బుర్రతోపాటు చెవులూ కోశారా?" అని పడవలవాళ్లు నవ్వేవారు.

ధనుర్మాసంలో ఒక పొద్దున కాలువ మీద మంచు దట్టంగా పట్టింది. లాకులో పడవ ఆగి ఉంది. తలుపుల మీద నడిచే పలక నడుమకు వచ్చాను. "సూర్యం!" ఒక్కసారే. ఈసారి వెనకనుంచి కాదు, కిందనుంచి, నీళ్లలోంచి. దూలాన్ని కావలించుకొని కూలబడ్డాను. రెండోది రాలేదు. మూర్ఛా రాలేదు. పడవలోంచి సరంగు చూస్తున్నాడు. వెంకటప్పయ్యగారు పలక మీద నడిచొచ్చి నా పక్కన కూర్చున్నారు.

"పిలిచింది మీరు కాదుగదండీ?"

"కాదు."

"అయితే జబ్బేనండీ. నా పని అయిపోయింది."

"నీ జబ్బయితే నాకెందుకు వినబడుతుందోయ్?" ఆయన ముఖం పాలిపోయి ఉంది. "లే, తలుపు తియ్యి. అదేమిటో మాత్రం నన్నడక్కు."

తీశాను. పడవ దిగువకు సాగిపోయింది. ఆయనకూ వినబడిందన్న మాట సరంగు చెవిన పడిందిగా, ఆ తరవాత నా చేతిమీదుగా దాటనన్న సరంగు లేడు. నాకు పింఛను వచ్చేదాకా ఆ తలుపులు నావే. ఆయన నిజంగా విన్నారో, నన్ను నిలబెట్టడానికన్నారో, ఆయన పోయేదాకా అడగలేదు. అడగొద్దన్నారుగా.

ఇప్పటికీ నేనెవరినైనా రెండుసార్లే పిలుస్తాను. "ఒక్క చెంబు మంచినీళ్లకు రెండు కేకలా?" అంటుంది మా ఆవిడ.

ఇవాళ కుర్చీ పట్టుకొని కూర్చున్నాను. తారు వాసన పలచబడింది. "సూర్యం!" రెండోది వచ్చింది. గొంతు వెంకటప్పయ్యగారిదే. కుర్చీ చేతులు ఇంకా వదల్లేదు.

వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది: "ఎవరో అలా పిలుస్తుంటే పలకరేమండీ?"