తువ్వాలు కింద చెయ్యి

మా ఫుట్‌బాల్ కోచ్ సారు ముందు కొట్టేవారు, తప్పేంటో తర్వాత చెప్పేవారు. ఎనభైల్లో నూజివీడు మామిడి వ్యాపారులు నడిపిన టీముకి నేను కెప్టెన్‌ని. పాస్ తప్పితే చెంప పగిలేది. "బంతిని చూశావు, మనిషిని చూళ్లేదురా వెధవా!" అనేవారు.

ఆ సీజన్ చివరి మ్యాచ్ ఓడిపోయాం. మర్నాడే మామిడి యార్డులో టీము ప్రెసిడెంటుగారు కొత్త కోచ్‌ని కుదుర్చుకుంటున్నారు, కాయల బేరంలాగే, ఎవరికీ కనబడకుండా తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని రేటు చెప్పుకుంటూ. తీసేశారన్న సంగతి సారుకి ఎవరూ చెప్పలేదు.

సారు వచ్చి తువ్వాలు లాగేశారు. ప్రెసిడెంటుగారి చేతిలో ఉన్నది నా చెయ్యి.

ఒక్క గుద్దుకి నా ముక్కు విరిగింది. కాయల మీద నెత్తురు కారుతుంటే, అలవాటుకొద్దీ అలాగే నిలబడ్డాను, తప్పేంటో చెబుతారని.

సారు చెప్పలేదు.